బాత్రూం పగలగొట్టించే ముందు

చి. అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

పక్షవాతం వచ్చి ఇన్ని నెలలైనా మీ అత్తగారికి, అదే మా వదినగారికి, కుడికాలు స్వాధీనంలోకి రాలేదని, టబ్బులోకి దిగలేక స్నానం మానేస్తున్నారని మీ అమ్మ చెప్పింది. అల్లుడుగారు బిల్డర్‌తో మాట్లాడేశారట, వచ్చే నెలే బాత్రూం పగలగొట్టిస్తారట. ముందు ఆయన్ని ఆపు. ఇలాంటివాళ్లకి వీలుగా ఇల్లు మార్చుకోవడానికి కౌన్సిల్, అంటే ఇక్కడి మున్సిపాలిటీ లాంటిది, గ్రాంట్ ఇస్తుంది. అది మంజూరు చేయకముందే మొదలుపెట్టిన పనికి మాత్రం రాదు. అడ్వాన్సు ఇవ్వకపోతే డేటు పోతుందని బిల్డర్ తొందరపెడతాడు. మీ పెదనాన్న విషయంలో మమ్మల్నీ అలాగే హడావుడి పెట్టారు. పోతే పోనీ.

ఈ సాయాన్ని డిసేబుల్డ్ ఫెసిలిటీస్ గ్రాంట్ అంటారు. ఇంగ్లండ్‌లో 30,000 పౌండ్ల దాకా ఇస్తారు. 1996 నాటి చట్టం ప్రకారం వచ్చేది కాబట్టి, అర్హత ఉంటే "ఈ ఏడాది డబ్బుల్లేవు" అని కౌన్సిల్ తోసిపుచ్చడానికి వీల్లేదు. "మేమిద్దరం సంపాదిస్తున్నాం, మాకెందుకిస్తారు పెద్దమ్మా" అంటావని తెలుసు. మనవాళ్లలో సగం మంది అక్కడే ఆగిపోతారు. వాళ్లు చూసేది వదినగారి ఆదాయం, ఆవిడ పొదుపు. ఇల్లు మీ పేరున ఉన్నా మీ జీతాలు లెక్కలోకి రావు. పొదుపులో మొదటి 6,000 పౌండ్లు వదిలేస్తారు. ఆదాయం తక్కువున్న పెద్దవాళ్లకి ప్రభుత్వమిచ్చే పెన్షన్ క్రెడిట్‌లో గ్యారంటీ క్రెడిట్ అనే భాగం వస్తుంటే అసలా లెక్కే ఉండదు. కాకపోతే ఇండియాలో ఆవిడ పేరున ఉన్న డిపాజిట్లు, ఫ్లాటు ఏవైనా ఉంటే అన్నీ చెప్పాల్సిందే. ఎవరికి తెలుస్తుందిలే అని మాత్రం అనుకోకండి. ఇంకోమాట, మీ పక్కింటి బాబు వీల్‌చెయిర్‌లో ఉంటాడన్నావు కదా. 18 ఏళ్ల లోపు పిల్లలకైతే ఆదాయం లెక్కే చూడరు. వాళ్లమ్మకి చెప్పు.

మా లెస్టర్‌లో అన్నిటికీ ఒకటే కౌన్సిల్. బేసింగ్‌స్టోక్‌లో మీకు రెండు. డబ్బిచ్చేది బరో కౌన్సిల్, రోజువారీ పనులకి ఏం ఇబ్బందో, ఏం మార్చాలో ఇంటికొచ్చి చూసే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని పంపేది హాంప్‌షైర్ కౌంటీ. ఒకరికి చెబితే రెండోవాళ్లకి తెలిసిపోతుందనుకోకు, ఇద్దరికీ నువ్వే రాయి. మాట్లాడింది ఏదైనా ఆ సాయంత్రమే ఈమెయిల్‌లో పెట్టేయి.

అసలు సంగతి ఆ థెరపిస్ట్ వచ్చే రోజు. ఏ పని అవసరమో, వదినగారికి ఏది సరిపోతుందో ఆవిడ రాసినదాన్ని బట్టే మిగతాదంతా నడుస్తుంది. మనమేం చేస్తాం? పరాయి మనిషి వస్తోందని ఇల్లు సర్ది, పెద్దావిడకి మంచి చీర కట్టించి, టీ పెట్టి కూర్చోబెడతాం. ఎలా ఉన్నారని అడిగితే వదినగారు "పర్లేదమ్మా, పిల్లలు బాగా చూసుకుంటున్నారు" అంటారు. కోడలి పరువు కాపాడాలని ఆవిడ తాపత్రయం. థెరపిస్ట్ కాగితం మీద మాత్రం "పర్లేదు" అని పడుతుంది. ఆ రోజు ఇల్లు సర్దకు. టబ్బు పక్కన వేసిన ప్లాస్టిక్ కుర్చీ, మెట్ల మీద ఆవిడ కూర్చుని ఒక్కో మెట్టూ జరుగుతూ దిగడం, అన్నీ ఉన్నవి ఉన్నట్టు చూడనీ. బాగున్న రోజు సంగతి కాదు, బాగోలేని రోజు ఎలా ఉంటుందో చెప్పండి. రాత్రి బాత్రూంకి ఎన్నిసార్లు లేస్తారు, ఎవరు పట్టుకుంటారు, ఎప్పుడు పడ్డారు, ముందే రాసిపెట్టుకో. కొడుకు ముందు ఆవిడ ఇవేవీ చెప్పరు. తెలుగు దుబాసీ కావాలని అపాయింట్‌మెంట్ ఇచ్చినప్పుడే అడుగు, అల్లుడుగార్ని మాత్రం ఆ పనికి పెట్టకు.

మా ఇంటికొచ్చిన అమ్మాయి మీ పెదనాన్నని మంచం మీద కూర్చోబెట్టి, లేవమని, మళ్లీ కూర్చోమని, ఆయన చెయ్యి గోడ మీద తనంతట తానే ఎక్కడ ఆనుతుందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకుంది. కడ్డీ సరిగ్గా అక్కడే బిగించారు. మన అలవాట్లు వాళ్లకి తెలియవు, మనమే చెప్పాలి. బకెట్టు, చెంబు పెట్టుకుని కూర్చుని స్నానం చేసే మనిషికి తల మీద నుంచి పడే షవర్ సుఖం కాదు. గోడకి మడిచే సీటు, చేత్తో పట్టుకునే షవర్, గట్టు లేకుండా నేలకి సమంగా ఉండే ఫ్లోరు కావాలని చెప్పు. ఆవిడ కుడిచెయ్యి కూడా ఆడదు కాబట్టి కడుక్కోవడం కష్టమని సిగ్గుపడకుండా చెప్పు. నీళ్లతో కడిగి ఆరబెట్టే టాయిలెట్ కూడా ఈ గ్రాంట్ కింద పెట్టిస్తారు.

కడ్డీలు, చిన్న ర్యాంపు లాంటి 1,000 పౌండ్ల లోపు పనులకి, షవర్ కుర్చీ లాంటి సామాన్లకి అవసరమని తేలితే ఆదాయం చూడకుండా ఉచితంగానే ఇస్తారు. వాటిని గ్రాంట్ వచ్చేదాకా ఆపుకోకు, ముందే అడుగు.

ఇల్లు మీది కాబట్టి దరఖాస్తు మీ పేరున పెట్టాలి. వదినగారు ఐదేళ్లు అక్కడే ఉంటారని రాసివ్వాలి. గ్రాంట్ 5,000 దాటితే ఆ పైమొత్తానికి, 10,000 పౌండ్లకి మించకుండా, కౌన్సిల్ ఇంటి మీద ఛార్జ్ వేయొచ్చు, అంటే తాకట్టులా రాసుకోవచ్చు. పదేళ్ల లోపు ఇల్లు అమ్మితే తిరిగి అడగొచ్చు. ఉద్యోగం కోసం ఊరు మారాల్సి వస్తే ఆ సంగతి కూడా వాళ్లు చూస్తారు. అల్లుడుగారికి ఇది ముందే చెప్పు, తరవాత తెలిస్తే అనవసరంగా టెన్షన్ పడతారు.

పై కప్పు కారుతోందన్నావు, అది ఈ గ్రాంట్‌లోకి రాదు. ఇంటి మరమ్మతులకి ఒక్కో కౌన్సిల్‌ది ఒక్కో పద్ధతి. కొన్నిచోట్ల అప్పుగా ఇస్తారు. దరఖాస్తు పెట్టేటప్పుడే ఆ మాటా అడిగి చూడు.

పూర్తి దరఖాస్తు అందిన ఆరు నెలల్లో కౌన్సిల్ ఏదో ఒకటి తేల్చాలి. థెరపిస్ట్ కోసం ఎదురుచూసిన కాలం అందులోకి రాదు, అందుకే ఫారం త్వరగా ఇవ్వమని వెంటపడాలి. సాగదీస్తే ముందు కౌన్సిల్‌కే ఫిర్యాదు, అప్పటికీ కదలకపోతే కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు చూసే అంబుడ్స్‌మన్‌కి.

ఒకరి సాయం కావాల్సిన పెద్దవాళ్లకి ప్రభుత్వమిచ్చే అటెండెన్స్ అలవెన్స్‌కి కూడా వదినగారి పేరున పెట్టారా? దానికి ఆదాయం, పొదుపు ఏవీ చూడరు. ఆవిడకి ఇక్కడి సిటిజన్‌షిప్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వ సాయం, తీసుకోకూడదని వీసాలో రాసి ఉన్నవాళ్లు మాత్రం దాని జోలికి వెళ్లకూడదు, మీ స్నేహితురాలికి ఆ తేడా చెప్పు.

ఫారం రాగానే సంతకాలు పెట్టకముందు ఫోటో తీసి నాకు పంపు. కొటేషన్లు రెండు తీసుకోండి. వదినగార్ని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ