'పేగు పూత' అని రాస్తే రోగమైపోతుంది

ప్రశ్న: గురువుగారూ, చెన్నై పెరంబూరులో మందుల షాపులో పనిచేస్తున్నాను. తెలుగువాళ్లు చాలామంది వస్తారు, మాత్ర ఎలా వేసుకోవాలో వాళ్లకి తెలుగులో చీటీ రాసిస్తుంటాను. మాత్ర మీద పల్చగా వేసే ఫిలిం కోటింగ్‌ని పొర అనాలా, పూత అనాలా, తొడుగు అనాలా? కడుపులో కరక్కుండా పేగులోకి వెళ్లాక కరిగే ఎంటరిక్ కోటింగ్‌కి 'పేగు పూత' సరిపోతుందా?

జవాబు: ముందు రెండోది చెప్తాను, దాంతోనే ప్రమాదం. 'పేగు పూత' అని మాత్రం రాయకండి. నోటి పూత అంటే నోట్లో పుండ్లు, పెద్దపేగు పూత అంటే పేగు లోపల పుండ్లు పడే జబ్బు. మీ చీటీ చూసిన పెద్దాయన తనకి లేని రోగం అంటగట్టారని టెన్షన్ పడతాడు. చక్కెర పూత చక్కెరతో వేసింది, గోడ పూత గోడకి వేసింది, నోటి పూత ఎవరూ వెయ్యకుండానే వచ్చింది. ముందున్న మాటని బట్టి అర్థం అలా మారిపోతుంటుంది. అందుకని కాస్త పొడుగైనా 'పేగులో కరిగే పూత' అనే రాయండి. అది చేసే పని కూడా అదే కదా: పాంటొప్రజోల్ లాంటి గ్యాస్ మందుని కడుపులోని ఆమ్లం పాడుచేస్తుంది, ఆస్పిరిన్ అయితే తనే కడుపుని ఇబ్బంది పెడుతుంది, కాబట్టి ఆమ్లానికి లొంగకుండా పీహెచ్ (ఆమ్లం తగ్గేకొద్దీ పెరిగే కొలత) సుమారు 5.5 దాటాకే కరిగే మెథాక్రిలిక్ పాలిమర్లనే ప్లాస్టిక్ జాతి పదార్థాల లాంటివి వాడతారు. నమలొద్దు, నూరొద్దు అన్న ముక్క దీని పక్కనే పెద్దక్షరాల్లో ఉండాలి.

ఇక తొడుగు. అది విడిగా తయారై ఉంటుంది, క్యాప్సూల్‌కి బాగా నప్పుతుంది. ఫిలిం కోటింగ్ అలా కాదు. సెల్యులోజ్ నుంచి చేసే హైప్రోమెల్లోజ్‌ని నీళ్లలో కలిపి, తెలుపుకి టైటానియం డయాక్సైడు, ఎరుపు పసుపులకి ఐరన్ ఆక్సైడు చేర్చి, తిరిగే పాన్‌లో దొర్లుతున్న మాత్రల మీద స్ప్రే చేస్తూ వేడిగాలితో ఆరబెడతారు. ఇలా తడిగా వేసి ఆరనిచ్చేదాన్ని మనం పూత అనే అంటాం. తమిళంలోనూ పూచ్చు కాబట్టి మీ షాపులో తోటివాళ్లకీ ఇబ్బంది ఉండదు. పొర తప్పేం కాదు, కాకపోతే పొర అనగానే చెయ్యి ఒలవబోతుంది, ఉల్లిపాయ అలవాటు!

ఇంకోటి, జనం అన్నిటినీ 'షుగర్ కోటింగ్' అనేస్తుంటారు, మీరు అనకండి. పాతకాలపు చక్కెర పూత మాత్ర బరువుని సగం దాకా పెంచేసేది, ఫిలిం పూత కలిపేది మామూలుగా 2–3 శాతమే, అందులో చక్కెర సాధారణంగా ఉండదు కూడా. ఆ మాట చూసి షుగర్ ఉన్నవాళ్లు మందు మానేస్తే మీకే చుట్టుకుంటుంది. లక్క నుంచి తీసే షెల్లాక్ వాడిన మాత్రలైతే 'లక్క పూత' అనేయండి, దానికి కొత్త మాట అక్కర్లేదు.