సమాధానం: ఎలుక పీవీఎన్‌లో సీఆర్‌హెచ్ కణాలు స్టెయిన్ కావట్లేదు

సీఆర్‌హెచ్ అంటే స్ట్రెస్ స్పందనను నడిపే పెప్టైడ్ హార్మోన్; పీవీఎన్ అంటే దాన్ని తయారుచేసే కణాలుండే హైపోథాలమస్ భాగం (పారావెంట్రిక్యులర్ న్యూక్లియస్). ఆ కణాల ఆక్సాన్లు చేరే మీడియన్ ఎమినెన్స్‌లో (హైపోథాలమస్ అడుగుభాగం) ఫైబర్లు మెరుస్తూ పీవీఎన్‌లో కణదేహాలు ఖాళీగా కనిపిస్తున్నాయంటే, తప్పు యాంటీబాడీది కాకపోవచ్చు. మార్చకండి. తయారైన పెప్టైడ్ కణదేహంలో నిలవకుండా ఆక్సాన్ చివరలకు వెళ్లిపోతోంది.

1. పర్‌ఫ్యూజన్‌కు (కణజాలాన్ని స్థిరపరిచే ద్రావణాన్ని రక్తనాళాల్లోకి ఎక్కించడం) 24–48 గంటల ముందు మెదడు పార్శ్వ జఠరికలోకి కోల్చిసిన్ అనే మందు ఇవ్వండి. ఆక్సాన్‌లో రవాణా ఆగి పెప్టైడ్ కణదేహంలోనే పేరుకుంటుంది. (ఎథిక్స్ అనుమతిలో ఈ మందు పేరుండాలి.)

2. చాలామంది వదిలేసేది ఇదే: మందు ఇవ్వని ఎలుకల సెక్షన్లనూ అదే బ్యాచ్‌లో స్టెయిన్ చేయాలి. కణదేహాలను మందు ఇచ్చినవాటిలో, ఫైబర్లను ఇవ్వనివాటిలో మ్యాప్ చేయండి. కోల్చిసినే ఎలుకకు పెద్ద స్ట్రెస్, సీఆర్‌హెచ్ తయారీనే మార్చేస్తుంది. స్టెయిన్ ఎంత ముదురుగా ఉందో మందు ఇచ్చినవాటిలో కొలిచి మామూలు స్థాయి అనుకోవద్దు.

3. అనుమతి రాకపోతే ఇన్ సిటు హైబ్రిడైజేషన్ (పెప్టైడ్‌ను కాక దాని ఎంఆర్‌ఎన్‌ఏను సెక్షన్‌లోనే గుర్తించే పద్ధతి) చేయండి. ఎంఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా కణదేహంలోనే దొరుకుతుంది.