ఏపీటీటీ 62 వస్తే హిమోఫీలియా అనుకోవాలా?

చెల్లెమ్మా, 32 వారాలకే పుట్టి ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఉన్న బాబుకు ఏపీటీటీ, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష, 62 సెకన్లు వచ్చిందని, పుట్టుకతో వచ్చే రక్తం ఆగని జబ్బు హిమోఫీలియానేమో అని రాశావు. అంత టెన్షన్ వద్దు. రిపోర్టులో పక్కన అచ్చయ్యే 25-35 సెకన్లు పెద్దవాళ్ల లెక్క. నెలలు నిండని పిల్లల్లో 2, 7, 9, 10 ఫ్యాక్టర్లు (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లు) సహజంగానే తక్కువ. పెద్దవాళ్ల స్థాయికి రావడానికి నెలలు పడుతుంది.

ముందు ఒకటి అడుగు: శాంపిల్ బొడ్డులో పెట్టిన సన్నని గొట్టం (లైన్) నుంచి తీశారా? లైన్‌లో రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ మందు కాస్త కలిసినా ఏపీటీటీ పెరుగుతుంది. నీలం మూత ట్యూబు గీతదాకా నిండకపోయినా అంతే. నర్సుగా ఇది చాలాసార్లు చూశాను. నరం నుంచి మళ్లీ తీస్తే అంకె దిగేది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె ఇంజెక్షన్ పడిందో లేదో ఫైల్లో చూడమను.

అప్పటికీ తగ్గకపోతే ఫ్యాక్టర్ 8, 9 పరీక్షలు చేయిస్తారు. 8 పుట్టుకతోనే మామూలుగా ఉండాలి కాబట్టి అది బాగా తక్కువైతే ఇప్పుడే తెలుస్తుంది. 9 కాస్త తక్కువైతే మాత్రం ఆరు నెలలకు మళ్లీ చూడాలి. మీ అన్నదమ్ముల్లో, మేనమామల్లో రక్తం ఆగని జబ్బుంటే డాక్టరుకు చెప్పు.

రక్తస్రావం లేకుండా కేవలం అంకె కోసం ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) మామూలుగా ఎక్కించరు. సూది గుచ్చినచోట రక్తం ఆగకపోయినా, మాడు ఉబ్బినా ఆలస్యం చేయకుండా పిలువు.