పెళుసు వేరు, నాజూకు వేరు

ప్రశ్న: ఫ్రాజైల్, బ్రిటిల్, ఫ్రెయిల్... నిఘంటువులో మూడింటికీ 'సులభంగా విరిగేది' అనే ఉంది. తేడా ఏమిటండీ?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ముందు బ్రిటిల్ సంగతి చూద్దామమ్మా, ఎందుకంటే దీనికి మనకు చక్కని మాట ఉంది: పెళుసు. వంగదు, సాగదు, ఒత్తిడి హద్దు దాటగానే టప్పున విరుగుతుంది. పోత ఇనుప పెనం ఎంత గట్టిది! అయినా గచ్చు మీద పడితే పగలొచ్చు, అదే రేకు పెనమైతే సొట్ట పడి ఊరుకుంటుంది. కాబట్టి బ్రిటిల్ అంటే బలహీనం అనుకోకండి, చాలామంది పొరబడేది ఇక్కడే.

ఫ్రాజైల్ అన్నప్పుడు 'జాగ్రత్త' అన్న హెచ్చరిక కూడా వినిపిస్తుంది, అందుకే గాజుసామాను పెట్టెల మీద ఆ మాటే రాస్తారు. కాల్పుల విరమణ ఒప్పందం కూడా ఫ్రాజైల్ కావచ్చు. ఫ్రెయిల్ దీనికి తోబుట్టువే. రెండిటికీ మూలం లాటిన్ 'ఫ్రాజిలిస్', కాకపోతే ఫ్రెయిల్ పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది, ఇప్పుడు ఎక్కువగా మనుషులకే వాడతారు. వయసు మీదపడి చిక్కిపోయిన తాతగారు ఫ్రెయిల్, ఆయన కళ్లద్దాలు ఫ్రాజైల్. ఆయన ఎముకలు గుల్లబారితే మాత్రం అవి బ్రిటిల్.

మీరు అడగలేదు గానీ, డెలికేట్‌లో కాస్త మెచ్చుకోలు ఉంటుంది. మన నాజూకు లాగా.