పిల్లి, కుక్క ఉన్న ఇంట్లో ఏ మొక్కలు పెట్టుకోవచ్చు?

స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్, బోస్టన్ ఫెర్న్, కలాథియా, పెపరోమియా, హవోర్తియా, ఫెలనాప్సిస్ ఆర్కిడ్ నిశ్చింతగా పెట్టుకోవచ్చు. వీటి ఆకులు కూడా ఎక్కువగా నమిలితే వాంతి కావచ్చు, అది విషం వల్ల కాదు. కుండీలో వేసే ఎరువు, పురుగుమందు మాత్రం ప్రమాదమే.

పిల్లి ఉంటే లిల్లీలు అసలు వద్దు. లిలియం, హెమెరోకాలిస్ జాతుల్లో ఆకు, పువ్వు, పుప్పొడి, చివరికి ఆ పూలు పెట్టిన కూజాలో నీళ్లు కూడా దాని మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఒంటికి అంటిన పుప్పొడిని నాకినా చాలు. 1 నుంచి 3 రోజుల్లో కిడ్నీలు పాడవుతాయి కాబట్టి లక్షణాల కోసం ఆగకండి, వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. సాగో పామ్ కుక్కకూ పిల్లికీ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, గింజలు మరీ విషం.

మనీ ప్లాంట్, డైఫెన్‌బాకియా, ఫిలోడెండ్రాన్, పీస్ లిల్లీలలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. కొరకగానే నోరు మండి చొంగ కారుతుంది. ప్రాణాపాయం అరుదు, బాధ ఎక్కువ. కలబంద, స్నేక్ ప్లాంట్‌లతో వాంతులు, విరేచనాలు.

కొనేటప్పుడు శాస్త్రీయ నామం అడగండి, వాడుక పేరును నమ్మొద్దు. సాగో పామ్ నిజానికి పామ్ కాదు, సైకస్ అనే వేరే జాతి మొక్క. ఆస్పరాగస్ ఫెర్న్ కూడా ఫెర్న్ కాదు, దాని పండ్లు తింటే వాంతులవుతాయి. పిల్లి అల్మారా ఎక్కేస్తుంది కనుక విషపు మొక్కను ఎత్తులో పెట్టి ఊరుకోవడం సరిపోదు.

తిన్నదని తెలిస్తే ఇంట్లో వాంతి చేయించొద్దు. నోట్లో మిగిలిన ముక్కలు తీసేసి, మొక్క ఫోటోతో ఆసుపత్రికి వెళ్లండి.