పాత ఓర్ క్యారియర్‌ని స్టీలు మార్చుకుంటూ ఇంకొన్నేళ్లు నడపలేరా?

పెయింట్ బాగుంది, ఇంజిన్ బాగుంది, అయినా పాతికేళ్లు దాటగానే ఓర్ (ఇనుప ఖనిజం) మోసే షిప్‌ని స్క్రాప్‌కి ఎందుకు పంపుతారని అడిగారు. అలాంటి షిప్‌లో ఛీఫ్ ఆఫీసర్‌గా చేశాను, దాన్ని గుజరాత్‌లో పాత షిప్‌లు విడగొట్టే అలంగ్‌లో ఒడ్డెక్కించినప్పుడూ ఉన్నాను కాబట్టి చెప్తున్నాను.

మాది మొదట్లో సింగిల్ హల్, అంటే ఒంటిపొర గోడ ఉన్న క్రూడ్ ఆయిల్ ట్యాంకర్. 2010 నాటికి అలాంటి ట్యాంకర్లను తప్పించాలనే రూల్ వచ్చేసరికి చాలామంది ఓనర్లు మధ్య ట్యాంకులను హోల్డులుగా (సరుకు నింపే గదులుగా) మార్పించి ఐరన్ ఓర్‌కి పెట్టారు. క్రూడ్ నీళ్లకన్నా తేలిక, అన్ని ట్యాంకుల్లోనూ సర్దుకుంటుంది. ఓర్ అలా కాదు. వైజాగ్ ఔటర్ హార్బర్‌లో బైలదిల్లా ఓర్ లోడింగ్ చూసినవాళ్లకి తెలుసు, హోల్డులో గుట్టగా పడుతుంది, పైదాకా నిండకముందే షిప్ లోడు పరిమితి మార్కు దాకా దిగిపోతుంది. బరువంతా మధ్యలో కిందికి తొక్కుతుంటే, రెండు పక్కలా ఖాళీగా ఉన్న వింగ్ ట్యాంకులను సముద్రం పైకి తోస్తుంటుంది. నలిగేది ఆ రెండిటి మధ్య గోడ.

ఒకరోజు డెక్ సిబ్బందికి పెద్ద అయిన బోసన్‌తో కలిసి వింగ్ ట్యాంకులోకి దిగాను. సుత్తితో కొడితే మంచి స్టీలు ఖంగుమంటుంది. అక్కడ మొద్దుగా పలికింది. చేత్తో లాగితే తుప్పు అప్పడంలా ఊడివచ్చింది. 16 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట మందం కొలిచే గేజ్ 11.4 చూపించింది. బోసన్ సోంపేట ఆయన. "సార్, ఇక్కడ కొత్త ప్లేటు వేస్తే లోడు పక్క పాతదాని మీద పడుతుంది, ఎన్నని మారుస్తాం?" అన్నాడు. మీ ప్రశ్నకి అసలు జవాబు అదే. రిపోర్టు పంపితే ఆఫీసు నుంచి "ఈ ట్రిప్పు అయ్యాక చూద్దాం" అని వచ్చింది. ఆ ట్రిప్పంతా నాకు నిద్ర లేదు.

2017 మార్చి 31న స్టెల్లార్ డైసీ దక్షిణ అట్లాంటిక్‌లో మునిగిపోయింది. అదీ 1993లో ట్యాంకర్‌గా కట్టి, తర్వాత మార్చిందే. బ్రెజిల్ నుంచి చైనాకి దాదాపు 2,60,000 టన్నుల ఓర్‌తో వెళ్తోంది. 24 మందిలో ఇద్దరే బతికారు. మెస్‌లో ఆ వార్త చదివిన రోజు ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

స్క్రాప్‌కి పంపిన పాతదాని బదులు వచ్చే షిప్‌ని మొదటి ప్లేటు నుంచీ ఓర్ కోసమే కడతారు. హోల్డులు ఇరుకు, డబుల్ బాటమ్ (అడుగున రెండు పొరల మధ్య ఖాళీ) ఎత్తు. బరువు మరీ అడుగున ఉంటే షిప్ విసురుగా ఊగి స్టీలుని పిండేస్తుంది, అందుకే ఓర్‌ని కావాలనే ఎత్తులో కూర్చోబెడతారు. మార్చిన ట్యాంకర్‌కి ఎంత ఖర్చు పెట్టినా ఆ ఒడ్డూపొడుగూ రాదు.

మీరు గానీ మీ వాళ్లు గానీ పాత ఓర్ షిప్‌లో జాయిన్ అవుతుంటే, ఎక్కగానే చివరి గేజింగ్ (స్టీలు మందం కొలిచిన) రిపోర్టు అడగండి. ముందు వింగ్ ట్యాంకుల పేజీ చూడండి.