అమెరికాలో సబ్సిడీ పోయాక హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం ఎలా కడుతున్నారు? గ్రీన్ కార్డ్ మీద వచ్చిన అమ్మానాన్నల సంగతేంటి?

ప్రీమియంలో కొంత ప్రభుత్వం భరించే ఈ సబ్సిడీ మొత్తం పోలేదండి, ముందు ఆ భయం పక్కన పెట్టండి. పోయింది 2021లో కోవిడ్ సమయంలో పైన కలిపిన అదనపు సాయం. 2022 చట్టం దాన్ని 2025 చివరిదాకా లాక్కొచ్చింది. ఇంకా పొడిగించాలా వద్దా అన్న గొడవలో 2025 అక్టోబర్ 1 నుంచి 43 రోజులు ప్రభుత్వమే మూతపడింది. అయినా తేలలేదు, డిసెంబర్ 31తో గడువు అయిపోయింది.

ఒబామాకేర్ ఆరోగ్య చట్టంతో 2014లో మొదలైన పాత సబ్సిడీ ఇప్పటికీ వస్తుంది. కాకపోతే దానికో గీత ఉంది. ఇంటి ఆదాయం పేదరిక రేఖకు నాలుగు రెట్లు దాటితే పైసా రాదు. 2026 ప్లాన్లకి ఆ గీత ఇద్దరున్న ఇంటికి 84,600 డాలర్లు, ముగ్గురికి 1,06,600, నలుగురికి 1,28,600, ఐదుగురికి 1,50,600. అదనపు సాయం ఉన్నన్నాళ్ళూ ఈ గీత లేదు. ఎంత సంపాదించినా బెంచ్‌మార్క్ సిల్వర్ ప్లాన్‌కి (సబ్సిడీ లెక్కకి కొలమానంగా తీసుకునే మధ్యరకం ప్లాన్) ఆదాయంలో 8.5 శాతం మించి కట్టే పని ఉండేది కాదు. అందుకే చాలామందికి రెన్యువల్ కాగితం చూడగానే గుండె ఆగినంత పనైంది.

మేం డాలస్ పక్కన ఉంటాం. మావారు సొంతంగా కన్సల్టింగ్ చేస్తారు, నేను ఇంటి నుంచి క్యాటరింగ్. ఉద్యోగం తరఫున వచ్చే ఇన్సూరెన్స్ ఇద్దరికీ లేదు. మాకో బాబు. గ్రీన్ కార్డ్ మీద వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు మాతోనే ఉంటారు. పోయినేడాది దాకా వాళ్ళ టాక్స్ రిటర్న్ వేరు, మార్కెట్‌ప్లేస్ (సబ్సిడీతో ఈ ప్లాన్లు కొనే ప్రభుత్వ వేదిక) అప్లికేషన్ వేరు. ఇండియా నుంచి వచ్చే కొద్దిపాటి పెన్షనే వాళ్ళ ఆదాయం. గ్రీన్ కార్డ్ వచ్చి ఐదేళ్ళు నిండక మెడికెయిడ్ (పేదవాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్) రానివాళ్ళకి, ఆదాయం పేదరిక రేఖకి దిగువనున్నా సబ్సిడీ ఇచ్చే వెసులుబాటు అప్పట్లో ఉండేది. 2025 జూలైలో వచ్చిన పెద్ద చట్టం దాన్ని 2026 నుంచి ఎత్తేసింది. ఇప్పుడు దంపతులకి కనీసం 21,150 డాలర్ల సొంత ఆదాయం ఉండాలి. కొడుకు ఇచ్చే డబ్బు ఆ లెక్కలోకి రాదు. ‘ఏదో ఒక అంకె వేసేయండి, ఎవరు చూస్తారు’ అనే ఏజెంట్లు ఉన్నారు. ఆ పని మాత్రం చెయ్యకండి, ఆ సంతకం మీది.

మేం చేసిందేమిటంటే, వాళ్ళని మా రిటర్న్‌లో డిపెండెంట్లుగా, అంటే మా మీద ఆధారపడ్డవాళ్ళుగా చూపించాం. దానికి వాళ్ళ ఒక్కొక్కరి సొంత ఆదాయం ఏడాదికి సుమారు 5 వేల డాలర్ల లోపుండాలి, ఖర్చులో సగానికి పైగా మనమే భరించాలి. అలా ఇల్లు ముగ్గురి నుంచి ఐదుగురైంది. మా ఆదాయం 1,30,000 అటూఇటూ. ముగ్గురి లెక్కన గీత దాటి ఎప్పుడో బయటపడేవాళ్ళం, ఐదుగురి లెక్కన లోపలే ఉన్నాం. ఆ స్థాయిలో మా వాటా 9.96 శాతం, అంటే ఐదుగురికీ కలిపి బెంచ్‌మార్క్ ప్లాన్‌కి నెలకి సుమారు 1,080 డాలర్లు. మిగతాది సబ్సిడీ. పెద్దవాళ్ళ ప్రీమియం 21 ఏళ్ళవాళ్ళ ప్రీమియానికి మూడు రెట్లదాకా ఉండొచ్చు కాబట్టి ఆ మిగతాదే చాలా పెద్ద మొత్తం. ఇందులో నష్టం కూడా ఉంది. పోయినేడాది తక్కువ ఆదాయం వల్ల అత్తయ్యగారివాళ్ళకి నామమాత్రపు డిడక్టిబుల్‌తో (ఇన్సూరెన్స్ కట్టేముందు మనం భరించే ఖర్చు) సిల్వర్ ప్లాన్ ఉండేది. మా ఆదాయంతో కలిశాక అది రాదు.

కాబట్టి ప్రీమియాలు పోల్చే ముందు రిటర్న్‌లో ఎంతమంది, ఆదాయం ఎంత అన్నది తేల్చుకోండి. సొంత పని చేసుకునేవాళ్ళకి ఆ అంకె కొంతవరకు చేతిలో ఉంటుంది. సోలో 401కె గానీ సెప్ ఐఆర్ఏ గానీ, ఈ రిటైర్మెంట్ ఖాతాల్లో కడితే తగ్గుతుంది. 2026 నుంచి మార్కెట్‌ప్లేస్‌లోని బ్రాంజ్ ప్లాన్లన్నిటికీ (ప్రీమియం తక్కువ, డిడక్టిబుల్ ఎక్కువ ఉండేవి) హెచ్‌ఎస్‌ఏ అనే వైద్య ఖర్చుల పొదుపు ఖాతా తెరవచ్చు, 2026లో కుటుంబానికి 8,750 డాలర్లదాకా. అందులో వేసిందీ ఆదాయంలోంచి తగ్గుతుంది.

పెంచేవీ ఉన్నాయి, మనవాళ్ళు మర్చిపోయేవి అవే. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోవచ్చు, ఇక్కడ ఆదాయమే. శంషాబాద్ దగ్గర ప్లాటు అమ్మితే ఆ లాభమూ అంతే. ఇంతకుముందు అంచనా తప్పితే, గీత లోపల ఉన్నవాళ్ళు వెనక్కి కట్టాల్సినదానికి ఒక హద్దు ఉండేది. 2026 నుంచి అది లేదు. గీత దాటితే ఏడాదంతా తీసుకున్న సబ్సిడీ మొత్తం టాక్స్‌తో పాటు తిరిగి కట్టాలి. మావారు ప్రతి మూడు నెలలకీ లెక్క చూసి, మారితే వెంటనే అప్లికేషన్‌లో సరిచేస్తున్నారు.

చవగ్గా వస్తున్నాయని ఫోన్లో అమ్మే ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్లు, హెల్త్ షేరింగ్ గ్రూపుల జోలికి పెద్దవాళ్ళ కోసం వెళ్ళకండి. పాత జబ్బులు కవర్ చేయాలన్న నిబంధన వాటికి వర్తించదు, షేరింగ్ అయితే అసలు ఇన్సూరెన్సే కాదు.

మీవాళ్ళు 65 దాటి, గ్రీన్ కార్డ్ మీద ఇక్కడ వరసగా ఐదేళ్ళున్నాక మెడికేర్ (పెద్దవయసువాళ్ళ ప్రభుత్వ ఇన్సూరెన్స్) కొనుక్కోవచ్చు. ఇక్కడ ఉద్యోగం చేసినవాళ్ళు కాకపోతే ఊరికే రాదు. 2026లో ఆసుపత్రి ఖర్చులకి పార్ట్ ఏ నెలకి 565, డాక్టర్ ఖర్చులకి పార్ట్ బి 202.90 డాలర్లు, మనిషికి. మీ స్నేహితుల్లో హెచ్1బి, హెచ్4 మీదుండి మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ తీసుకునేవాళ్ళుంటే చెప్పండి: 2027 జనవరి నుంచి వాళ్ళకి అసలు రాదు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి మాత్రం కొనసాగుతుంది.